గొడుగు వాళ్ళ కుర్చీ

ఒక ప్లాస్టిక్ కుర్చీ కోసం నేను నెల రోజులు కుళ్ళాను. దాచుకోవడమెందుకు? సింహాసనమేమీ కాదు, కల్యాణమండపం వాళ్ళ ఎర్ర కుర్చీ. ఒక కాలు పొట్టి కూడా. టమోటా కుళ్ళితే పారేస్తారు. మనిషి కుళ్ళితే తెల్లచొక్కా వేసుకుని, నవ్వుతూ వీధిలో తిరుగుతాడు. నేనట్లా తిరిగాను.

వేంపల్లెలో మా అంగళ్ల వీధి ఇరుకు. ఒక లారీ సరుకు దించుతుంటే రెండో లారీ డ్రైవరు దిగి టీ తాగి రావాల్సిందే. అంగళ్లన్నీ బైపాసు పక్కనున్న కొత్త స్థలానికి పోవాలని సగం మంది, కదలకూడదని సగం మంది. మాటా మాటా పెరిగి, చివరికి వ్యాపారుల సంఘం ఓటు పెట్టింది. అంగడికొక ఓటు. పోదామనే వాళ్ళకు బండి గుర్తు, ఉందామనే వాళ్ళకు గొడుగు గుర్తు. నాది స్టీలు సామాన్ల అంగడి. ఉన్న చోటు నుంచి కదిలిస్తే నేనూ నా గిన్నెలూ ఒకేసారి మోగుతాం. కాబట్టి గొడుగు.

ఓటు జరిపించే పని రిటైరైన హెడ్మాస్టరుకు అప్పగించారు. ఉద్యోగంలో ఉండగా ఎన్నో ఎన్నికల డ్యూటీలు చేసినాయన. రెండు పేజీల నియమావళి తయారుచేసి అంగడంగడికీ పంచారు. చాలామంది దాంట్లో పొట్లాలు కట్టారు. నేను చదివాను. ముందురోజు చీకటి పడితే ప్రచారం బంద్. మండపం ముందర సున్నం గీత గీస్తారు, ఆ గీత దాటాక ఎవరూ ఓటు మాట ఎత్తకూడదు. లోపల పక్షానికొక ఏజెంటు కూర్చుంటాడు. ఆయన రాలేకపోతే బదులు ఏజెంటు. ఓటు మొదలయ్యే ముందు ఖాళీ పెట్టె బోర్లించి ఏజెంట్లకు చూపించి, సీలు కాగితం మీద సంతకం పెట్టిస్తారు. సంతకం ఎవరిదైతే ఆ పొద్దంతా ఆ కుర్చీ వాళ్ళదే, మధ్యలో మార్పు లేదు. ఏజెంటు ఓటర్లతో మాట్లాడకూడదు. ఎవరి మీదైనా అనుమానముంటే అధికారికి చెప్పాలి, అంతే.

బంధువుల కన్నా నాకు నిబంధనలే ఇష్టం. అవి చెప్పిన మాట మీద నిలబడతాయి. గొడుగు తరఫున ఇవన్నీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే గనక కుర్చీ నాదేననుకున్నాను. గుడ్డల అంగడి మిద్దె మీద మీటింగు పెట్టుకున్నాం. నేను గొంతు సవరించుకునే లోపల అందరూ కలిసి టెంకాయలాయనను ఏజెంటు చేసేశారు.

టెంకాయలాయనది నా ఎదురంగడి. టెంకాయలు, కర్పూరం, ఊదికడ్డీలు అమ్ముతాడు. నిలువెత్తు మనిషి, దానికి తగిన మీసం. ఆయన నవ్వితే వీధి నవ్వుతుంది. నేను నవ్వితే ఏమైందని అడుగుతారు.

"ఆడ కూచున్నోడు కనపడాలప్పా," అన్నాడు గుడ్డల అంగడాయన, నా భుజం తట్టి. "నువ్వు బదులు ఏజెంటుగా ఉండు. ఆయప్పకు జరమో గిరమో వస్తే నువ్వే కదా."

నియమాలు చదివింది నేను, నియామకం ఆయనకు. పదవి ఆయనది, పెదవి విరుపు నాది.

ఇంట్లో చెప్పుకుంటే ఓదార్పు దొరుకుతుందనుకున్నాను. నా భార్య చింతకాయ తొక్కు జాడీలోకి ఎత్తుతూ వినింది.

"ఆయన్న కూచుంటేనే బాగుంటాది," అంది. "నువ్వు కూచుంటే కుర్చీ ఖాళీగా ఉండాదని ఇంకొకరు వచ్చి కూచుంటారు."

ప్రచారంలో ఎండ నాది, పేరు ఆయనది. గొడుగు గుర్తు గనక పెద్ద నల్లగొడుగు ఒకటి పట్టుకుని వీధి తిరిగేవాళ్ళం. పట్టుకునేది నేను. నీడ ఆయన మీద పడేది. కరపత్రం నేనిస్తే, తీసుకుని ఆయనకు దండం పెట్టేవాళ్ళు. ఆయనకు చక్కెర ఎక్కువ వేసిన టీ వచ్చేది, నాకు "నీకూ కావల్నా అప్పా?" అనే ప్రశ్న వచ్చేది. పైగా ఆ కుర్చీ కోసం ఆయన కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. వేసుకుని మా అంగట్లోకి వచ్చి, వేలాడదీసిన పెద్ద పళ్ళెంలో చూసుకున్నాడు.

"ఎట్లుండాది?"

"శానా బాగుండాది," అన్నాను. ఆ పళ్ళేన్ని ఆ వారం ఎవరికీ అమ్మబుద్ధి కాలేదు, తుడవబుద్ధీ కాలేదు.

ఇంకో అవమానం, ఆయనకు నియమాలు నేర్పే పని నా మీదే పడింది. చదవడమంటే ఆయనకు కళ్ళు మండుతాయి.

"నువ్వు చెప్తాండు, నేను వింటాండా," అనేవాడు.

"లోపల ఎవరు పలకరించినా పలకకూడదప్పా."

"పలకరిస్తే పలకకపోతే ఎట్ల? మనుషులం కాదా?"

"ఏజెంటువి. సాయంత్రం దాకా మనిషివి కాదు."

"నువ్వయితే సరిపోతాంటివి దానికి," అని పకపకా నవ్వాడు. ఆయన నవ్వులో విషముండదు. అదే నాకు కష్టం. విషముంటే తిట్టుకోవడానికి ఆధారమైనా దొరికేది.

సీలు కాగితం సంగతి మాత్రం ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. సంతకం వేళకు లేకపోతే కుర్చీ పోతుందని చెప్పాను. ఆయన సరే సరే అన్నాడు. నా మనస్సాక్షికి ఈ మాట చాలా అవసరం, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ ఆయన బోణీ గురించి చెప్పాలి. పొద్దున మొదటి బేరం కానిదే ఆయన అంగడి మెట్టు దిగడు. పెండ్లికి పిలిచినా, ఇంటికి అల్లుడొచ్చినా, బోణీ అయ్యాకే. ఆ బోణీ నా చేతిది కావాలి. నేను అంగడి తెరవగానే దీపానికి కర్పూరం కొంటాను కదా, అదే ఏళ్ల తరబడి ఆయన మొదటి బేరం. నా చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. మిగతా బేరాలకు ఫోనులో దుడ్లు కొట్టించుకుంటాడు గానీ, బోణీకి మాత్రం నోటు చేతిలో పడాలి. ఆ నోటును కళ్ళకద్దుకుంటాడు. ఈ వీధిలో నన్ను చూసి కళ్ళు మెరిసేది ఆయనొక్కడికే, అదీ పొద్దున పూట, నోటు మారేంత సేపు.

ఓటు ముందురోజు, ప్రచారం ఆపి గొడుగు మడిచాను. ఇంటికి పోతూ ఆయన అంగడి ముందు ఆగాను.

"కర్పూరం ఇయ్యప్పా ఒకటి."

"ఇప్పుడేంది? పొద్దున తీసుకుంటావు కదా."

"ఇంట్లో అయిపోయింది."

అబద్ధమే. అప్పటిదాకా నాకూ తెలియదు నేనేం చేయబోతున్నానో. ఆ పొట్లం జేబులో పడ్డాక తెలిసింది.

మరుసటి పొద్దున సగం వీధి మూసే ఉంది. మధ్యాహ్నం దాకా అంగళ్లుండవని ముందే చాటించినందువల్ల పల్లెల నుంచి ఎవరూ రాలేదు. మంచి పనికి పోతూ బోణీ చేసుకోకపోతే ఎట్లని టెంకాయలాయన మాత్రం తెరిచాడు. కొత్త చొక్కా వేసుకుని, టెంకాయల కుప్ప పక్కన, నా అంగడి వైపు తిరిగి కూర్చున్నాడు. నేను తలుపు తీశాను. జేబులోంచి కర్పూరం తీసి వెలిగించాను. దండం పెట్టుకున్నాను. తలుపు వేశాను.

ఆయన ముఖం అప్పుడు చూడలేదు. చూసి ఉంటే రోడ్డు దాటేవాణ్ణే.

"ఏమప్పా, అప్పుడే పోతాండావా?" అని వెనక నుంచి కేక.

"టయమైంది. నువ్వూ రా."

"బోణీ కాల్యా ఇంకా."

"తొందరగా కానియ్యి," అన్నాను, గొడుగు తెరుచుకుంటూ. ఆ పొద్దు నీడ నా మీదే పడింది.

మండపంలో హెడ్మాస్టరు పెట్టె బోర్లించి గడియారం చూశారు. బండి వాళ్ళ ఏజెంటు అప్పటికే కూర్చున్నాడు.

"గొడుగు వాళ్ళ ఏజెంటు యాడ?"

"వస్తాడు సార్, బోణీ కావాలంట," అన్నారెవరో. మండపమంతా నవ్వింది. హెడ్మాస్టరు నవ్వలేదు. ఇంకాసేపు చూశారు, ఆయన నియమావళి ఇచ్చిన వ్యవధి మేరకు.

"బదులు ఏజెంటు?"

"నేనుండా సార్."

సంతకం పెట్టాను. కుర్చీలో కూర్చున్నాను. పొట్టి కాలు వైపు ఒరిగింది. అయినా కూర్చున్నాను.

సీలు మైనం ఆరుతుండగా టెంకాయలాయన పరుగున వచ్చాడు, చొక్కా చెమటతో వీపుకు అతుక్కుని. దారిన పోయే ముసలామె ఎవరో చివరికి ఒక ఊదికడ్డీల కట్ట కొనిందట. హెడ్మాస్టరు ఆయనకు సీలు కాగితం చూపించి, సున్నం గీత అవతలికి పంపారు. ఎండలోకి.

మధ్యాహ్నం ఓటు వేయడానికి ఆయన వరుసలో వచ్చాడు. కాగితం మడిచి పెట్టెలో వేసి, నా కుర్చీ దగ్గర ఆగి వంగాడు. కోపం లేదు ఆ ముఖంలో, ఉత్త దిగులు.

"బోణీకి రాకపోతివే అప్పా," అన్నాడు మెల్లగా. "నా మీద ఏమన్నా కోపమా?"

గోడకంటించిన నియమావళిలో, ఏజెంటు ఓటర్లతో మాట్లాడరాదన్న వరుసను వేలితో చూపించాను.