కఫీల్ కొన్న జర్మన్ తూటాల పెట్టె

ఈ రోజు మధ్యాహ్నం మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, నన్ను జెద్దాలోని తన ఇంటికి పిలిపించాడు. విదేశీ పనివాళ్ల మీద సర్కారుకు కట్టే లెవీ పెరిగాక మా వర్క్‌షాపులో ఇద్దరికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేశాడు. నేను ఇక్కడ ఉండటానికి కావాల్సిన ఇకామా కార్డు రెన్యువల్ కూడా ఆయన దగ్గరే ఆగి ఉంది. నన్నూ పంపేస్తాడేమో అనుకుంటూ వెళ్లాను.

ఆయనకు పాత యుద్ధ సామాన్లు సేకరించే పిచ్చి. మెత్తని దిండు మీద తుప్పు పట్టిన రేకు పెట్టె ఒకటి పెట్టి ఉంది. జర్మన్ మెషిన్ గన్ తూటాల పెట్టెట. వెల్డర్‌వి కదా, అసలుదో కాదో చెప్పమన్నాడు. ఆయన ఫోన్‌లోని ఫొటోలో అసలు పెట్టెకు వరుసగా చుక్కల్లాంటి అతుకులున్నాయి. దీనికి పొడుగాటి వెల్డింగ్ గీత ఉంది, అదీ మూలల్లో వెనక్కి తిప్పి ఆపి ఉంది. అలా ఆపడం నా చేతి అలవాటు. పోయిన ఏడాది ఒక దుకాణదారు పనిముట్లకని అడిగితే నేనే చేసిచ్చిన పెట్టె అది!

"దేఖో, యే అస్లీ జర్మన్?" అన్నాడు కఫీల్ ఆశగా.

"నై బాబా, యే మేరా వెల్డింగ్" అనేశాను.

ఆయన పెట్టెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆఫీసుకు ఫోన్ చేసి నా ఇకామా వెంటనే రెన్యువల్ చెయ్యమన్నాడు. శుక్రవారం స్నేహితులు పెట్టె చూడటానికి వస్తారట. ఇలాంటి అతుకు జర్మనీలో తప్ప ఎక్కడా పడదని వాళ్లకు నేనే చెప్పాలట!

జగిత్యాల నుంచి వచ్చిన జర్మన్ నిపుణుణ్ణి నేను. ఎవరైనా జర్మన్‌లో పలకరిస్తే ఏమనాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.