పదిహేడు చల్లని బ్యాగులు

2022 జూన్ 6, సోమవారం. గుడివాడలో ముప్పై మూడేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాక, బందరులోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను మళ్లీ తెల్లకోటు వేసుకున్న రోజు. అప్పటికి నాకు అరవై నాలుగు. పని ఇప్పించింది నస్రీన్ అనే రీసెర్చి విద్యార్థిని. బందరు అమ్మాయే, హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తోంది.

ఆమె చదువు ఎండోథీలియల్ ప్రోజెనిటర్ సెల్స్ గురించి. రక్తనాళాల లోపలి పొరగా ఎదగగల కణాలవి. బిడ్డ పుట్టాక బొడ్డుతాడులో మిగిలే రక్తంలో చాలా తక్కువగా దొరుకుతాయి. గర్భంతో ఉండగా సుగర్ వచ్చిన తల్లుల బిడ్డల్లో ఈ కణాలు వేరుగా పనిచేస్తాయా అన్నది ఆమె ప్రశ్న. దానికి జీన్ ఎక్స్‌ప్రెషన్ చూడాలి. ఒక మనిషి కణాలన్నిటిలోనూ జన్యువులు దాదాపు అవే. ఆ సమయానికి ఏవి పనిలో ఉన్నాయన్నదే తేడా. కాలవ మీద తూములెన్ని అని కాకుండా, ఈ పూట ఏ తూముల తలుపులెత్తారు, ఎంత ఎత్తారు అని చూడటం లాంటిది. పనిలో ఉన్న జన్యువు ఆర్‌ఎన్‌ఏ తయారుచేస్తుంది. దాన్ని కొలుస్తారు.

చిక్కేమిటంటే, రక్తం బయటికి వచ్చాక కూడా కణాలు బతికే ఉంటాయి. ఊరికే కూర్చోవు. వాటికి కంగారు పుడుతుంది. ఆ కంగారుకి సంబంధించిన జన్యువులు పైకి లేస్తాయి. అందుకని తాడు కోసిన గంటలోపు నేను పని మొదలుపెట్టాలి. మ్యాగ్నెటిక్ బీడ్స్‌తో, అంటే అయస్కాంతానికి అంటుకునే సన్నని పూసలతో, కావలసిన కణాలు వేరుచేసి, ఆర్‌ఎన్‌ఏని ఉన్నదున్నట్టు నిలిపే ద్రావణంలో వేసి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. గంట దాటిన రక్తం పనికిరాదు. పుట్టిన టైము థియేటర్ సిస్టర్ లేబుల్ మీద రాస్తుంది, నాకు చేరిన టైము నేను రిజిస్టర్లో రాస్తాను. చివరి గడి రిమార్కులు. ఆ గడి ఖాళీగా వదలడం నాకు చేతకాదు. బ్యాగు చేతిలోకి తీసుకుని "గోరువెచ్చన" అనో, "చిన్న గడ్డ ఉంది" అనో, "చల్లన" అనో రాసేదాన్ని.

తల్లుల సంతకాలు తీసుకుని పద్నాలుగు నెలల్లో నలభై బ్యాగులు సేకరించాం. సుగరున్నవారివి ఇరవై, లేనివారివి ఇరవై.

2023 అక్టోబరులో నస్రీన్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఆంటీ, వచ్చేసింది! సుగర్ అమ్మల పిల్లల్లో స్ట్రెస్ జీన్లు ఎలా లేచాయో చూడండి. డిసెంబరు కాన్ఫరెన్స్‌కి పంపించేద్దామంటున్నారు మా సార్."

"ఇరవైకి ఇరవయ్యీనా?"

"పద్నాలుగు. ఆరు మామూలుగానే ఉన్నాయి."

"సుగర్ లేనివాళ్లలో?"

"అక్కడ మూడు లేచాయి. అవి ఔట్‌లయర్లు ఆంటీ, ప్రతి స్టడీలోనూ ఉంటాయి." గుంపులో ఇమడని అంకెలని దానర్థం.

"ఆ మూడింటి నంబర్లు చెప్పు."

"మా సార్ కంటే మీరే ఘోరం," అని నవ్వుతూ చెప్పింది. తొమ్మిది, ఇరవై రెండు, ముప్పై ఒకటి.

రిజిస్టర్ తీశాను. మూడు వరసల్లోనూ చివరి గడిలో నా చేతిరాతే: చల్లన. సుగర్ వాళ్లలో లేచిన పద్నాలుగు నంబర్లూ అడిగాను. పద్నాలుగూ చల్లన. రిజిస్టర్ మొత్తం మీద చల్లన అని రాసినవి లెక్కపెట్టాను. పదిహేడు. ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"థియేటర్లో ఏసీ వల్లేమో ఆంటీ," అంది. ఇన్నాళ్లూ నేనూ అలాగే అనుకున్నాను. కాని లేబుళ్ల ప్రకారం అవి పుట్టిన పది, పదిహేను నిమిషాలకే నా బల్ల మీదికి వచ్చాయి. అంతలోనే బ్యాగు రక్తం అలా చల్లారిపోదు. అదే థియేటర్ నుంచి, అంతే టైములో వచ్చిన మిగతా బ్యాగులు చేతికి వెచ్చగా తగిలాయి. అప్పుడు ఇంకొకటి కూడా కనబడింది. మిగతా లేబుళ్ల మీద "4.10", "6.30" అని ఉన్నాయి. ఈ పదిహేడింటి మీద "11.17", "12.08", "10.53". గడియారం వైపు ఓ చూపు చూసి రాసే చెయ్యి అలా రాయదు. కాగితం చూసి రాసే చెయ్యి రాస్తుంది.

థియేటర్ సిస్టర్ సుగుణ. ఘంటసాల మనిషి. టీ తాగుతుండగా నస్రీన్‌నీ వెంటబెట్టుకుని వెళ్లాను.

"సుగుణా, ఈ పన్నెండూ ఎనిమిది బిడ్డ ఎప్పుడు పుట్టింది?"

"లేబుల్ మీద రాశాను కదండీ."

"రాసింది చదివాను. పుట్టింది అడుగుతున్నాను."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "డాక్టరమ్మగారికి పదకొండున్నరకి గుడివాడలో ఓపీ అండీ. ఇక్కడ ఆపరేషన్లన్నీ ముందే కానిచ్చేసి కారెక్కేస్తారు. వీళ్లేమో సరిగ్గా పన్నెండూ ఎనిమిదికే తియ్యాలని సిద్ధాంతిగారి చీటీ నా చేతిలో పెడతారు. నేనేం చేసేది? బిడ్డని లోపల వార్మర్‌లో పడుకోబెట్టి, ఆ టైముకి బయటికి తెచ్చి చూపిస్తాను."

"మరి బ్యాగు?"

"మీ ల్యాబుకి వరండాలోంచేగా రావాలి! అక్కడ అమ్మమ్మలూ నాయనమ్మలూ వాచీలు చూసుకుంటూ కూర్చుంటారు. బిడ్డకంటే ముందు బిడ్డ రక్తం బయటికొస్తే ఊరుకుంటారా? అదీ నాతోపాటే లోపల కూర్చునేది."

అక్కడ సుగరున్న తల్లుల్లో ఎక్కువమందికి తేదీ ముందే పెట్టి ఆపరేషన్ చేసేవారు. తేదీ తెలిస్తే ముహూర్తం పెట్టించుకుంటారు. ముహూర్తం ఉంటే బ్యాగు గంటన్నరో, రెండు గంటలో ఆగిపోతుంది. నస్రీన్ అంకెల్లో లేచింది సుగర్ కాదు, ఆ ఆగడం.

ల్యాబుకి తిరిగి వచ్చాక నస్రీన్ ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచింది. నాలుగేళ్ల పని. మార్చితో ఫెలోషిప్ అయిపోతుంది.

"ఆంటీ, ఇది మన ముగ్గురికే తెలుసు కదా," అంది చివరికి, ల్యాప్‌టాప్ వైపే చూస్తూ.

నేను రిజిస్టర్ ఆమె వైపు తిప్పి, పెన్ను పక్కన పెట్టాను. కాసేపటికి తనే తీసుకుంది. కింద రాత చదవడానికి వీలుగా ఒకే గీత, పక్కన తేదీ, సంతకం. అలా కొట్టెయ్యాలని నేను నేర్పిందే. పదిహేడు వరసలూ తన చేత్తోనే కొట్టేసింది.

డాక్టరమ్మగారికి నేనే చెప్పాను. ఆవిడ నొచ్చుకున్నారు, కాని వారంలోపు థియేటర్లో పెద్ద గడియారం పెట్టించి, ఇక అన్ని కాగితాల్లోనూ ఆ టైమే రాయమన్నారు. బ్యాగులు వెనక గుమ్మం నుంచి రాసాగాయి. "చీటీలవాళ్లకి సమాధానం మీరొచ్చి చెప్పండి," అని సుగుణ నెలరోజులు నన్ను సాధించింది.

నస్రీన్ గడువు పొడిగించుకుంది. కాన్ఫరెన్స్ పోయింది. కొట్టేసిన పదిహేడింటికి బదులు కొత్తవి తీసేసరికి 2024 జూలై వచ్చింది. ఒక్కటీ చల్లగా రాలేదు. ఈసారి అంకెల్లో రెండు గుంపులకీ తేడా దాదాపు మిగల్లేదు. ఆ సంగతీ, రక్తాన్ని ఆపితే ఏ జన్యువులు లేస్తాయన్నదీ ఆమె థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాసుకుంది. పట్టా వచ్చిన రోజు ఫోన్ చేసింది.

"పదిహేడూ ఎలా కనిపెట్టావని ఎగ్జామినర్లు అడిగారు ఆంటీ. మా ఆంటీ చేత్తో పట్టుకుని చూసింది అని చెప్పాను."

ఆ మెప్పు నాకు చెందదు. మొదటిసారి "చల్లన" అని నేను రాసింది 2022 జూలై 14న. ఆ రోజే లేచి, ఎందుకు చల్లగా ఉందని సుగుణని అడిగి ఉంటే తర్వాతి పదహారు బ్యాగులూ, ఆ అమ్మాయి ఏడాదీ మిగిలేవి. రాసేశాను కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. ల్యాబు గుమ్మం నుంచి థియేటర్ గుమ్మానికి పందొమ్మిది అడుగులు. తర్వాత కొలిచాను.