హనీఫ్ సిస్టమ్‌లో మిగిలిన పేర్లు

బందరు కోనేరు సెంటరుకు రెండు సందుల అవతల హనీఫ్ నెట్ సెంటర్లో సిస్టములు రెండే. అందులో పాతదాన్ని జనం ‘హనీఫ్ సిస్టమ్’ అనేవారు. దాని తెర మీద ఒక మూల బొబ్బర్లు పోసినట్టు దుమ్ము మచ్చలుండేవి, ఎంత తుడిచినా పోయేవి కావు. పెన్షనర్లు ఏడాదికోసారి బతికే ఉన్నామని వేలిముద్ర వేసే మెషీన్ దానికే తగిలించి ఉండేది. ఆ మెషీన్ పాత బ్రౌజర్‌లో తప్ప పలకదు. అందుకే ఊళ్ళో అందరూ మార్చేసినా హనీఫ్ దాన్ని మార్చలేదు.

ఆయనకో అలవాటుండేది. వచ్చిన ముసలివాళ్ళకు పాస్‌వర్డ్ ఆయనే పెట్టేవాడు. గుర్తుపెట్టుకోవాలా అని బ్రౌజర్ అడిగితే పెట్టుకో అని నొక్కేవాడు. “మీరు మర్చిపోయినా ఇది మర్చిపోదు, వెళ్ళిరండి” అని నవ్వేవాడు. పాతికేళ్ళుగా ఆ మంచితనానికే జనం ఆయన దగ్గరికి వచ్చేవారు.

ఆ మంచితనమే పెడన పిల్ల సుమ సీటు పోగొట్టింది.

నర్సింగు కౌన్సెలింగుకు సుమ ఇక్కడే ఆప్షన్లు పెట్టుకుంది. ఆమెకూ పాస్‌వర్డ్ హనీఫే పెట్టి, పెట్టుకో అని నొక్కాడు. ఆమె పెట్టినవి రోజూ ఇంటి నుంచి వెళ్ళి రాగలిగిన కాలేజీలు మాత్రమే. మర్నాడు కృత్తివెన్ను నుంచి పున్నారావు తన కూతురు వందన కోసం వచ్చి అదే సిస్టమ్ ముందు కూర్చున్నాడు. పేజీ తెరవగానే బ్రౌజర్ తనంతట తనే సుమ నంబరూ పాస్‌వర్డూ నింపింది. ఆయన చూడలేదు. సుమ ఆప్షన్లు తీసేసి దూరపు కాలేజీల పేర్లు పెట్టి వెళ్ళిపోయాడు. వందనకు ఏమీ నమోదు కాలేదని రెండు రోజులకే తెలిసి, గడువు లోపల ఇంకోచోట పెట్టించుకున్నాడు. సుమకు తెలిసింది సీటు వచ్చిన రోజున. అంత దూరం పంపించే ఇల్లు కాదది.

అది ఆగస్టు. అక్టోబరులో హనీఫ్ కిడ్నీల జబ్బుతో పోయాడు. మన గుట్టంతా హనీఫ్ దాచిపెట్టుకున్నాడట అన్న మాట మాత్రం బజారులో మిగిలిపోయింది. హనీఫ్ భార్య హఫీజా ఆ మాట రెండుసార్లు చెవులారా విన్నది. రెండుసార్లూ తల వంచుకుని ముందుకు నడిచింది. సుమ ఆప్షన్లు పోయిన రోజు హనీఫ్ డయాలసిస్ బల్ల మీద ఉన్నాడు. పున్నారావును కుర్చీలో కూర్చోబెట్టింది తను. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

జనవరిలో వేలిముద్రల కాలం వచ్చింది. మెషీన్ ఊరిలోని ముసలివాళ్ళకు కావాలి, సిస్టమ్ మీద మాత్రం నమ్మకం లేదు. గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి వెళ్ళిపోతున్నారు. హఫీజా గుడివాడ నుంచి సతీష్‌ని పిలిపించింది. సిస్టములు బాగుచేయడం హనీఫ్ దగ్గరే నేర్చుకున్నవాడు.

సతీష్ పది నిమిషాలు చూసి నిట్టూర్చాడు.

“దీన్ని చెరువులో పారెయ్యాలక్కా.”

“మెషీనో మరి?”

“అదేగా చావు.” తల గోక్కున్నాడు. “సరే, ఇట్టా చేద్దాం. ఈ పాతదాంట్లో పెన్షన్ సైటు తప్ప ఇంకోటి తెరుచుకోకుండా కట్టేస్తా. బ్రౌజర్ పైన వేలాడే టూల్‌బార్ల చెత్తంతా పీకేస్తా. గుర్తుపెట్టుకోడం బంద్. మిగతా పనులన్నీ రెండో సిస్టములో, కొత్త బ్రౌజర్‌లో. అది కూడా మూసినప్పుడల్లా అంతా మర్చిపోతది.”

“ఇంక భయం లేదా?”

“లేదని ఎట్టా చెప్తానక్కా? ముసలి తలుపుకి గడియ పెడుతున్నాం. తలుపైతే మారదు.” మౌస్ అందుకుంటూ అన్నాడు, “దాచినవి మాత్రం తుడిచెయ్యాలి. హనీఫన్న పెట్టినవన్నీ.”

జాబితా తెరిచి చూపించాడు. ఎడమ పక్క పేర్లు, కుడి పక్క పాస్‌వర్డులు. హఫీజా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది. రత్తయ్య పేరుకెదురుగా ఉన్నదాన్ని పెదవులతో కూడబలికింది. ఆయన ముప్పై ఏళ్ళు నడిపిన బస్సు నంబరు. మంగినపూడి ఏసుపాదానికి, ఉప్పెనలో పోయిన పడవ పేరు. ప్రకాశరావు మాస్టారికి, ఆయన చనిపోయిన చెల్లెలి పేరు. ఒక్కొక్కరినీ అడిగి, వాళ్ళ బతుకులో మరిచిపోలేనిది తీసి పెట్టాడు హనీఫ్. అయినా అదే తమ పాస్‌వర్డని వాళ్ళు మరిచిపోయారు. ఆయన ఒక్కడే గుర్తుపెట్టుకున్నాడు.

“ఇప్పుడే తుడవకు,” అంది.

మిగతాదంతా చేయించి సతీష్‌ను పంపేసి, మూడు రోజులు షట్టరు సగం దించి కూర్చుంది. ఒక్కో పేరుకూ ఒక్కో చీటీ, పెద్ద అక్షరాలతో. అవి తీసుకుని ఇల్లిల్లూ తిరిగింది. బస్సు నంబరు చూసి రత్తయ్య చీటీని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. తరువాత, “మీ ఆయన దొంగ కాదమ్మా, నేను ఆ మాట అనలా,” అన్నాడు. ఎవరు అన్నారో ఆమె అడగలేదు.

సుమ చీటీ చివరికి మిగిలింది. దాని మీద ‘సుమ సిస్టర్’ అని ఉంది, నర్సమ్మను పిలిచినట్టు, పక్కన ఏదో సంఖ్య.

పెడనలో సుమ ఇంటి ముందు, కలంకారీ అద్దకానికి కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డలు దండెం మీద ఆరుతున్నాయి. సుమ బల్ల దగ్గర నిలబడి అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో గుద్దుతోంది. వాళ్ళమ్మ విజయకుమారి ఎదురొచ్చింది.

“ఇంకేం మిగిలిందని వచ్చారండీ?”

“ఒక మాట చెప్పిపోదామని. ఆ రోజు మా ఆయన విజయవాడ ఆసుపత్రిలో ఉన్నారండీ. పున్నారావు గారిని కూర్చోబెట్టింది నేను. పైన ఎవరి నంబరుందో చూడలేదు.”

పిడికిలి చప్పుడు ఆగింది.

“ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా,” అంది విజయకుమారి. గొంతు హెచ్చలేదు. “చచ్చిపోయినాయన్ని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాం. మాకా పాపం ఎందుకు పెట్టారు?”

హఫీజా చీటీ అందించబోయింది. సుమ తన ఎర్రటి చేతులు చూపించి, “అక్కడ పెట్టండి ఆంటీ,” అని గోడలో గూటి వైపు తల ఊపింది. చీటీ మడత విప్పలేదు. హఫీజా గుమ్మం దాటకముందే మళ్ళీ పిడికిలి చప్పుడు మొదలైంది.

ఆ సాయంత్రం ఆమె జాబితా తెరిచి, అన్నీ ఎంచుకుని, తుడిచేయి అన్నచోట నొక్కింది. నిజంగానా అని బ్రౌజర్ అడిగింది. ఇన్నేళ్ళలో హనీఫ్ దానికి పెట్టుకో అనే చెప్పాడు. ఆమె అవును అని నొక్కింది.

ఫిబ్రవరిలో సుమ తాతయ్య ధనుంజయరావు వచ్చాడు. స్కూల్లో అటెండరుగా రిటైరైనవాడు. సుమ భుజం పట్టుకుని మెట్లెక్కాడు. వేలు మూడోసారికి పడింది.

“ఈ ఏటికి బతికే ఉన్నట్టేనామ్మా?”

“ఉన్నారండీ. ఇదిగో కాగితం.”

“మీ ఆయనైతే టీ తెప్పించేవాడు.”

హఫీజా టీకి చెప్పి వచ్చేసరికి సుమ రెండో సిస్టమ్ ముందు కూర్చుని ఉంది. చీటీ ఒళ్ళో ఉంది, అంచున ఎర్రరంగు వేలిముద్ర.

“ఈ ఏడు మళ్ళీ అప్లై చేద్దామని. ముందు పాస్‌వర్డు మార్చుకుంటాను,” అంది. చీటీ మీద చెయ్యి పెట్టి, “కొంచెం అటు తిరుగుతారా ఆంటీ?”

“తిరుగుతానమ్మా.”

ఆమె గోడ వైపు తిరిగింది. ఆ గోడకు లేత ఆకుపచ్చ రంగు హనీఫే వేశాడు, బ్రష్షు వెంట్రుకలు ఇంకా అందులోనే అతుక్కుని ఉన్నాయి. వెనక మీటల చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆ షాపులో ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు ముఖం తిప్పుకోవడం ఇదే మొదలు. ఆ పిల్ల ఏ మాట పెట్టుకుందో ఆమెకు తెలియదు. మళ్ళీ సిస్టర్ అని పెట్టుకుందో, లేదో.

“అయిందండీ,” అంది సుమ.

వాళ్ళు వెళ్ళాక హఫీజా బ్రౌజర్ మూసి మళ్ళీ తెరిచింది. పేరు రాసే గడిలో సుమ నంబరు మొదటి అంకె కొట్టి చూసింది. కింద ఏమీ రాలేదు. ఇంకో అంకె కొట్టింది. గడి ఖాళీగానే ఉంది. ఆ రెండు అంకెలూ చెరిపేసి, బయట చెప్పులు విడుస్తున్న వాళ్ళను లోపలికి రమ్మంది.