వేరుగా పెట్టిన గ్లాసు

మన సంఘ పెద్దలు ఒక మనిషికి గిన్నె వేరు చేశారు. చేసింది పెద్దలు, తలూపింది పాస్టరుగారు, చూస్తూ కూర్చున్నది మనమందరం. ఆ మనిషి మొన్న గురువారం పొద్దున పోయాడు. కుట్టుమిషను మీద తల వాల్చి, కాళ్ళు ఇంకా తొక్కుడు మీద ఉండగానే పోయాడు. మా ఎదురింటి టైలరు ఆయన. చుట్టరికమేమీ లేదు. అయినా నాకు మావయ్యే, ఆయనకు నేను అల్లుణ్ణే.

దివిసీమలో మన చర్చికి వచ్చే పిల్లల్లో ఆయన కుట్టిన బట్ట తొడగనివాళ్ళు లేరు. క్రిస్మసు ముందు ఆయన అరుగు మీద కాలు పెట్టే చోటుండేది కాదు. మెడకు టేపు చుట్టి, "ఊపిరి బిగబట్టకు అల్లుడూ, చొక్కా తొడిగాక కూడా పీల్చుకోవాలిగా" అనేవాడు.

ఆయన వేళ్ళ కణుపుల మీద, మోచేతుల మీద, మడమల వెనక పసుప్పచ్చని కంతులుండేవి. కనురెప్పల మీద శనగబద్దల్లాంటి మచ్చలు. ముందు ఎవరూ పట్టించుకోలేదు. పక్క వీధిలో ఒకాయనకు కుష్టని తేలాక ఊరి కళ్ళన్నీ ఈయన చేతుల మీద పడ్డాయి. ప్రభురాత్రి భోజనంలో అందరం ద్రాక్షరసమున్న ఒకే గిన్నె పెదవులకు ఆనించుకుంటాం కదా. ఒక ఆదివారం ఆ గిన్నె మావయ్య ముందు ఆగకుండా వెళ్ళిపోయింది. చివర్లో పాస్టరుగారు చిన్న ఇత్తడి గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆనాటి నుంచి ఆ గ్లాసు చర్చి కిటికీ గూట్లో బోర్లించి ఉండేది.

తరవాత కొలతలివ్వడానికి ఎవరూ రాలేదు. పాత చొక్కానో పాత జాకెట్టో ఆదికి పంపేవారు. "మనుషుల కంటే ఇవే నయంరా, కొలుస్తుంటే కదలవు" అని నవ్వేవాడు. కొన్నాళ్ళకు ఆదులు రావడమూ మానేశాయి.

నేనే ఆయన్ని రేవు దాటించి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు కంతులు నొక్కి చూసి, రక్తం తీయించి, మళ్ళీ రమ్మన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు, "కుష్టు కాదయ్యా, రక్తంలో కొవ్వు" అన్నారు. కొవ్వు నీళ్ళలో కలవదు కాబట్టి, రక్తంలో దాన్ని మాంసకృత్తులు సరుకు పడవల్లాగా మోసుకెళతాయట. ఈయన ఒంట్లో ఆ సరుకు దిగాల్సిన రేవులో దిగడం లేదు. కణుపుల మీద, రెప్పల మీద, గుండెకు పోయే నాళాల్లో పేరుకుంటోంది.

"మీ నాన్నగారు ఎలా పోయారు?"

"గుండె పట్టుకునండీ. అన్నయ్యా అంతే. మా ఇంట్లో మగాళ్ళకు జుట్టు నెరిసే తీరిక ఉండదండీ."

డాక్టరుగారు నవ్వలేదు. నెయ్యి, మాంసం, గుడ్లు మానమన్నారు. మానితే తగ్గుతుందా అని అడిగితే, "కొంచెం. ఇది పుట్టుకతో వచ్చింది. దీన్ని కుదిర్చే మందు నా దగ్గర లేదు" అన్నారు.

కుష్టు మచ్చకు స్పర్శ ఉండదని నేను ఒక పావలా పుస్తకంలో చదివాను. ఆ మాటా, డాక్టరుగారి మాటా పెద్దల ముందు పెట్టాను. మావయ్య చొక్కాకు గుచ్చుకున్న సూది తీసి, కణుపు మీద కంతిలో పొడుచుకున్నాడు. రక్తం చుక్క కట్టింది.

"నొప్పెడుతోందండీ" అన్నాడు.

బియ్యం మిల్లున్న పెద్దాయన కుర్చీలోంచి కదలకుండానే, "నొప్పి నీకు తెలిసింది, సరే టైలరూ. మా ఆడవాళ్ళకు భయం పోవద్దూ?" అన్నాడు.

"ఆయనకు కుష్టు లేదు! లేదు!" అని చర్చి దద్దరిల్లేలా అరిచాను. బయటికొచ్చాక మావయ్య నా భుజం పట్టుకున్నాడు.

"అలా అరవకు అల్లుడూ. ఆ జబ్బున్నాయన చర్చి గోడ అవతలే ఉంటాడు, వింటాడు. అసలు ఆయనకైనా గ్లాసు ఎందుకు వేరుగా ఉండాలి?"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ ప్రశ్న లేదు.

అప్పటి నుంచి అత్తయ్య చుక్క నూనె లేకుండా ఉడకేసి పెట్టేది. "నన్ను బతికించడానికి మీ అత్తయ్య కూరను చంపేస్తోంది" అంటూనే కంచం ఖాళీ చేసేవాడు. కంతులు కరగలేదు. చర్చి మెట్ల మధ్యలో ఆగి, రొమ్ము రుద్దుకుని, గంట కేసి చూస్తున్నట్టు నిలబడేవాడు. జబ్బు మాత్రం ఆయన కోసం ఆగలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు, పధ్నాలుగేళ్ళది. ఈ వేసవిలో ఆ పిల్ల మడమ వెనక నరం లావెక్కింది. కణుపు మీద చిన్న పసుప్పచ్చని గింజ లేచింది. అది చూసిన రోజు మావయ్య మిషను ముట్టలేదు. చీకటి పడేవేళ నన్ను పిలిచాడు. "దాని రక్తం సంగతి నా చేతుల్లో లేదురా. ఆ గ్లాసు మాత్రం దాని చేతికి రాకూడదు" అన్నాడు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

వచ్చే ఆదివారం ఆ పిల్ల మొదటిసారి ప్రభురాత్రి భోజనం తీసుకోబోతోంది. నిన్న పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "పెద్దలెలా అంటే అలా నాయనా" అన్నారు, నా మొహం చూడకుండా. తిరిగొస్తూ కిటికీ గూట్లోకి చూశాను. ఆయన పోయాడు కదా, ఆ గ్లాసు ఇంకెందుకు? అయినా చింతపండు పెట్టి తళతళా తోమి ఉంచారు.

ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు చర్చి మెట్ల దగ్గరికి రండి. ఉపన్యాసాలుండవు, నేను అరవను. ఆ పిల్ల వెనక వరుసలో నిలబడండి. ఆమెకు అందరి గిన్నె ఇస్తే, ఆమె తరవాత అందులోనే తాగండి. ఇత్తడి గ్లాసు ఇస్తే మనమూ ఆ గ్లాసే అడిగి, ఆమె ఎంగిలిలోనే తాగుదాం. వస్తారన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. వచ్చినా ఆ రక్తం మారదు, మావయ్య లేవడు. అయినా రండి.

గురువారం పొద్దున ఆయన కుడుతున్నది ఆ పిల్ల తెల్ల పరికిణీ. పెరిగితే విప్పుకోడానికని అంచు లోపల బెత్తెడు మడత వదిలాడు. చివర కొంచెం మిగిలిపోతే అత్తయ్య చేత్తో కుట్టింది. ఆ కుట్లు వంకరటింకరగా ఉన్నాయి. ఆదివారం ఆ పిల్ల మీకంటే ముందు, ఒక్కతే, ఆ పరికిణీ కట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంటుంది.