గార్డెన్ రీచ్ వాకిట్లో మా క్లాసు

సామాజిక సమస్యల పాఠంలో ప్రపంచీకరణ దగ్గరికి వచ్చేసరికి మా ఎమ్మే పిల్లలకు ఆవలింతలు మొదలయ్యేవి. అందుకే దసరా సెలవుల్లో ఆరుగురిని వెంటబెట్టుకుని విశాఖలో సాయంత్రం రైలెక్కాను. కలకత్తాలో మా బస ఆ ఆరుగురిలో ఒకరైన పార్వతి తాతగారిల్లు. క్లాసులో హాజరు పలకడం తప్ప పార్వతి నోరు విప్పి ఎరగదు.

మర్నాడు తొమ్మిదింటికి హౌరా. లిలువా రైల్వే క్వార్టర్స్‌లో ఉండే తోటి ప్రయాణికురాలు దిగుతూ చెప్పింది: "టాక్సీ ఒద్దమ్మా, లాంచీ ఎక్కండి. గాలికి పేణం లేచొత్తాది."

నిజమే. హుగ్లీ నది దాటి బాబూఘాట్‌లో మట్టి ముంతల్లో టీ తాగి, లూచీలనే మైదా పూరీలు, బంగాళాదుంపల కూర తిన్నాం. పదకొండున్నరకి బస్సులో గార్డెన్ రీచ్ చేరాం. మీరు వెళ్తే పొద్దున్నే బస్సెక్కండి. తరవాత నిలబడడానికీ చోటుండదు.

తాత అప్పలస్వామి ఓడరేవు డాకులో మూటలు మోసిన మనిషి. కంటైనర్లు, క్రేన్లు వచ్చాక పని పోయింది. కోడలు ఈశ్వరమ్మ చేపల పులుసుతో కడుపునిండా పెట్టింది. భోజనాలయ్యాక వాకిట్లోనే క్లాసు మొదలెట్టాను. ఇరుగుపొరుగూ చేరారు. పెట్టుబడి తిరిగే చోటల్లా పనులు పుడతాయి, పోతాయి అంటుంటే ఈశ్వరమ్మ గుమ్మంలోంచి అంది:

"ఈ పక్కనే మెటియాబ్రుజ్‌లో కుట్టుపనికి రమ్మంతన్నారమ్మా. మావయ్య ఎల్లనివ్వట్లేదు."

"నా పని పోయి కోడల్ని పనికి తోలినాడనరా జనం?" తాత అడ్డుపడ్డాడు.

పార్వతి లేచింది.

"తాతా, నీ పని పోడం నీ తప్పా?"

"నానేటి సేసినానే! కిరేన్లొచ్చినాయి."

"నీ తప్పు కానప్పుడు నీకు సిగ్గేటి? అత్తకి శిక్షేటి?"

తాత కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తరవాత పకపకా నవ్వాడు. "ఈ గుంటకి సదువు బాగానే సెప్పినావమ్మా!"

అంత సూటి ప్రశ్న నా పాఠంలో లేదు.

మర్నాడు పొద్దున్న తాత ఈశ్వరమ్మతో పాటు మమ్మల్నందరినీ ఆటోల్లో మెటియాబ్రుజ్ తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు కుట్టే షెడ్డు అది. "దాదా, మా కోడలు. మంచి పనిమంతురాలు" అని యజమానికి బెంగాలీలో పరిచయం చేశాడు. ఈశ్వరమ్మ ఒక చొక్కా కాలరు కుట్టి చూపింది. యజమాని తిప్పి చూసి, ఆమె ముందు కాలర్ల కట్ట పెట్టాడు. ఆమె మావైపు తిరిగి నవ్వింది. తాత మాకందరికీ సందేశ్ మిఠాయి తినిపించాడు.

మధ్యాహ్నం హౌరాలో రైలు కదలగానే పార్వతి అందుకుంది: అత్తకు దొరికింది స్వేచ్ఛా, చవక కూలీయా? ఖరగ్‌పూర్ దాటినా వాదన తెగలేదు. ఎదుటి సీటు పెద్దాయన నావైపు వంగి, "వీళ్ళు పార్టీవాళ్ళా అండీ?" అన్నారు.

"కాదండీ. నా విద్యార్థులు."

ఆ మాట అంత గర్వంగా నేనెప్పుడూ అనలేదు.