పిడుగు రాకపోవడానికి కారణం

మా ఆఫీసులో సాకులక్క ఉంది. ఆవిడ ఉద్యోగమేమిటో చెబితే నవ్వుతారు, నవ్వండి. పిడుగు రాకపోవడానికి నెలకో కారణం రాయడం. అంతే.

పిడుగంటే మా బొమ్మల పుస్తకాల వీరుడు. సొంత పుస్తకంలో చిటికెన వేలితో కొండలెత్తుతాడు. ఆ పుస్తకమే మా అందరికీ కూడు పెడుతోంది. 'ఏడుగురు వీరులు' పుస్తకంలోనూ వాడుండాలి, లేకపోతే ఎవడూ కొనడు. కానీ మొదట్లోనే వచ్చాడంటే రెండో పేజీకల్లా విలన్ మట్టి కరుస్తాడు. మిగతా ఆరుగురూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా? అందుకని ఇరవయ్యో పేజీ దాకా వాణ్ణి ఎలాగోలా ఆపాలి. ఒకసారి కామెర్లు. ఇంకోసారి లిఫ్టులో ఇరుక్కున్నాడు. కొండలెత్తేవాడు లిఫ్టులో ఇరుక్కోవడమేమిటని నన్నడక్కండి, ఒళ్ళు మండుతుంది. రాసింది ఆవిడ, ఆ మాటల్ని బొమ్మల నోటి దగ్గరుండే బుడగల్లో నింపింది నేను.

ఇలా పద్దెనిమిదేళ్ళు. వాడిన సాకు మళ్ళీ వాడకూడదని ఎడిటర్ గారి రూలు. అన్నీ ఆయన రిజిస్టర్లో ఉంటాయి.

మొన్న సోమవారం అక్క సెలవడిగింది. "గురువారం మా పిన్నికి గుండె ఆపరేషన్ సార్. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే."

ఆయన రిజిస్టర్ తిరగేశారు. "నూట పన్నెండో సంచిక. పిన్నికి గుండె ఆపరేషన్. వాడేశాం కదమ్మా."

"అయ్యో, ఇది నిజం సార్!"

"'ఇది నిజం' కూడా అందులోనే ఉంది. కొత్తదేదైనా ఆలోచించు."

అక్క పెన్ను బల్ల మీద విసిరేసి వెళ్ళిపోయింది. ఈ నెల సాకు రాయనే లేదు.

సాకు లేకపోతే ఇంకేముంది, పిడుగు మొదటి పేజీలోనే దిగి విలన్ని చిత్తు చేశాడు. ఇరవై మూడు పేజీలు ఖాళీ. ఎడిటర్ గారు తల పట్టుకున్నారు. బొమ్మలేసే మామ మాత్రం ఏడుగురినీ ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టాడు. మాయమయ్యేవాణ్ణి ఖాళీ కుర్చీ అనుకుని ఎవరో వాడి ఒళ్ళో సంచి పెట్టారు. నిప్పులు కక్కేవాడు ఫ్లాస్కులోకి నీళ్ళు కాచాడు. పిడుగు చేతులు కట్టుకుని ఐసీయూ తలుపుకేసి చూస్తున్నాడు. అక్కడ ఎత్తడానికి కొండల్లేవు.

చివరి పేజీలో నర్సు తలుపు తీస్తుంది. ఏమంటుందో మాలో ఎవరికీ తెలియదు. గురువారం ఎడిటర్ గారు ఆ పేజీ నా చేతికిచ్చి ఆసుపత్రిలో ఉన్న అక్క దగ్గరికి తరిమారు. సిగ్గుపడి కాదు, గడువు ముంచుకొచ్చి.

అక్క బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. పేజీ చూసి నవ్వబోయి ఏడ్చేసింది.

"ఇక్కడేం రాయనక్కా?"

"తెలీదు తమ్ముడూ. నాకేం తోచట్లేదు."

ఆవిడ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. నాకు భయమేసింది. వెళ్ళిపోవలసినవాణ్ణి, పక్కనే కూలబడ్డాను.

సాయంత్రానికి తలుపు తెరుచుకుంది. "మెలకువ వచ్చింది. ఒక్కరే రావాలి," అంది నర్సు.

చెప్పులు అక్కడే వదిలేసి అక్క లోపలికి పరిగెత్తింది. నర్సు మాటే బుడగలో రాశాను. అంతలో ఎడిటర్ గారి ఫోను, ఇంకా ఎందుకు రాలేదని.

"అక్క చెప్పులకి కాపలా ఉన్నాను సార్."

రిజిస్టర్ తిరగేస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"ఇది లేదు," అన్నారు. "సరే, ఉండు."