ఆ రోజు చెయ్యెత్తని మా అన్న

మొన్న మంగళవారం యాడికిలో, నాపరాళ్లు కోసే యార్డులో రాళ్ల దొంతి తన మీద కూలి మా అన్న చనిపోయాడు. ఆడబిడ్డ ఫోన్‌లో “వదినా, పోయినాడు” అంది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. ఆడబిడ్డ మొగుడు, వరసకు అన్న. మంచివాడని నలుగురూ చెప్పుకునే మనిషీ కాదు. కోపమొస్తే చేతికందింది విసిరేవాడు. ఒకసారి పెళ్లాం మీద చెయ్యి చేసుకుంటే మూడు రోజులు నేనాయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు మా గుమ్మంలో నిలబడి, “తప్పు నాదేమ్మా. తిట్టు, పడతా” అన్నాడు. తిట్టాను. పడ్డాడు.

నాకు గర్భసంచి తీసేశాక, మా బిడ్డను మోస్తానని ముందుకొచ్చింది ఆ ఆడబిడ్డే. పిండం నాదీ మా ఆయనదీ. దాన్ని ఆమె కడుపులో పెట్టకముందే, పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రులం మేమేనని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వాలి. కోర్టుకు అన్న కూడా వచ్చాడు. రేపు మీ మనసు మారితే ఎట్లా అని మా వకీలు అడిగితే, “కడుపులో ఉన్నన్నాళ్లు మా ఇంటికొచ్చిన చుట్టం. పుట్టినాక వాళ్ల బిడ్డ. మారేదానికేముండాది?” అన్నాడు.

ఆరో నెలలో టీ కొట్టు దగ్గర ఒకడు, “నీ పెండ్లాం ఎవుని బిడ్డను మోస్తాండాది?” అని నవ్వాడు. అన్న వాడి ముందుపళ్లు రెండు రాలగొట్టాడు. వకీలు ఆయన్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పాడు: “ఇంకోసారి చెయ్యెత్తినావంటే కేసు నీ మీదికొస్తాది. పాప కాగితాలు దాంట్లో చిక్కుకుంటాయి.”

మాకు పిల్లల్లేకపోతే మా వాటా భూమి తన కొడుకులకే వస్తుందని మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఆశపడేవాడు. అనంతపురం ఆసుపత్రిలో పాప పుట్టిన మధ్యాహ్నం ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చాడు.

“కన్నది నీ పెండ్లాం. బిడ్డ మీ ఇద్దరిదేనని రిజిస్టర్లో రాయించు” అన్నాడు అన్నతో.

“బిడ్డ వాళ్లది. కోర్టు చెప్పినాది.”

బావగారు నా చేతిలోని ఉత్తర్వు లాక్కుని చించేశాడు. అన్న వార్డు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

“కాగితం చించితే కోర్టు చినిగిపోతాదా అప్పా?”

వెంట వచ్చినవాళ్లలో ఒకడి చేతిలోని ఇనుప రాడ్డు మొదట అన్న భుజం మీద పడింది. రెండో దెబ్బకు ముంజేయి విరిగిన చప్పుడు విన్నాను. అడ్డం వెళ్లిన మా ఆయన తల పగిలింది. ఇంకొకడు మొహం మీద గుద్దితే అన్న ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. ఆయన మంచి చెయ్యి పిడికిలి బిగుసుకోవడం, మళ్లీ విచ్చుకోవడం చూస్తూనే ఉన్నాను. తలుపు లోపల పాప ఏడుస్తోంది. పోలీసులు వచ్చేదాకా ఆయన తిరిగి కొట్టనూ లేదు, తలుపు వదలనూ లేదు.

బావగారిని ఆ సాయంత్రమే స్టేషన్‌కు తీసుకుపోయారు. అన్న చెయ్యి మాత్రం వంకరగా అతుక్కుంది. అది తిన్నగా ఉండుంటే మొన్న రాళ్లు తప్పించుకునేవాడేమో. ఆడబిడ్డ దగ్గర ఆ మాట అనేశాను. ఆమె కళ్లు తుడుచుకుని, “ఆయప్ప ఉంటే నిన్ను తిట్టుండును వదినా” అంది.

మున్సిపల్ ఆఫీసులో పాప పుట్టిన సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతుండగా, అన్న తల్లి దగ్గర నా పేరు, తండ్రి దగ్గర మా ఆయన పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. అంతవరకూ పాపను ఒక్కసారీ ముట్టుకోలేదు.

“ఇప్పుడియ్‌మ్మా, ఎత్తుకుంటా.”

ఉన్నది ఒకటే చెయ్యి. ఆ కాగితాన్ని పళ్ల మధ్య పట్టుకుని, పాపను గుండెకు ఆనించుకుని, ఆఫీసు మెట్లు ఒక్కొక్కటే దిగాడు.